అమెరికా పక్షమహాసభలందు స్త్రీల ప్రవేశము

ప్రజాప్రభుత్వముల చరిత్రమును వ్రాయువారు స్త్రీల ప్రసక్తి వచ్చినపుడు తఱుచుగా నొక్క విషయమునే విచారింతురు. ఏ దేశమున ఏ సంవత్సరమున స్త్రీలకు ఓటుహక్కు లభించెనని యడిగి, ఆ సంవత్సరమును బేర్కొని, అధ్యాయమును ముగింతురు. అమెరికా సంయుక్తరాష్ట్రముల విషయమున నా సంవత్సరము 1920. ఆ యేట ఆగస్టు మాసమున టెనెసీ రాష్ట్రశాసనసభ యంగీకరించుటతో రాజ్యాంగమునకు పందొమ్మిదవ సవరణ సిద్ధించి, స్త్రీ యను హేతువుచే నెవరికిని ఓటును నిరాకరింపరాదను నియమము దేశమంతటికిని శాసనమయ్యెను. పాఠ్యపుస్తకము లీ సంగతిని జెప్పి నిలిచిపోవును.

అయినను ఓటు వేయువాడు తన యెదుట నిలిచినవారిలో నొకనిని మాత్రమే యెన్నుకొనగలడు. అట్లు నిలిచినవారిని నిలిపినవా రెవరు? ఆ నిర్ణయము జరిగిన గదిలో స్త్రీలుండిరా? ఉండిన యెడల వారి మాట చెల్లెనా? ఈ ప్రశ్నములకు 1920వ సంవత్సరము సమాధానము చెప్పదు. అమెరికా స్త్రీలకు ఓటు లభించుట యొక చరిత్రము. రాజకీయపక్షములలో పీఠము లభించుట మఱియొక చరిత్రము. రెండవది మొదటిదానికంటె నెక్కువ కాలము నడచినది. అది శాసనసభలలో గాక రాష్ట్రపక్షముల చిన్న సభలలోను, నాలుగేండ్ల కొకమాఱు కూడు జాతీయ మహాసభలలోను నడచినది. ఆ రెండవ చరిత్రమును సంగ్రహముగ నిరూపించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

పక్షనిర్మాణమును ముందుగా గొంచెము వివరింపవలసి యున్నది. అమెరికాలో నాలుగేండ్ల కొకపర్యాయము రాష్ట్రపతి యెన్నిక జరుగును. అందుకై ప్రతిపక్షమును వేసవికాలమున నొక జాతీయ మహాసభను గూర్చి తన యభ్యర్థిని నిర్ణయించును. ఇట్టి మహాసభను మొట్టమొదట 1831లో బాల్టిమోరు నగరమున మేసన్ వ్యతిరేకపక్షమువారు జరిపిరి. మఱుసటి సంవత్సర మా నగరముననే డెమొక్రాటిక్ పక్షమువా రట్లే సభ దీర్చిరి. రిపబ్లికన్ పక్షముయొక్క మొదటి మహాసభ 1856లో ఫిలడెల్ఫియాలో జరిగెను. మహాసభకు వచ్చు ప్రతినిధులు దేశమునందలి యన్ని రాష్ట్రములనుండియు వత్తురు. వారిని బూర్వ మెన్నుకొనుచుండిన విధ మిట్టిది: పేటలోని పక్షసభ్యులు కూడి తాలూకావంటి కౌంటీసభకు గొందఱను బంపుదురు, కౌంటీసభ రాష్ట్రసభకు బంపును, రాష్ట్రసభ జాతీయ మహాసభకు బ్రతినిధులను బంపును. పెద్ద నగరములలో నీ క్రమ మంతయు నొక ప్రబలనాయకుని చేతిలో నుండెడిది. వానిని లోకులు బాస్ అనిరి. జాబితా వాని జేబులో నుండును. సభ దానిని జదివి యంగీకరించును. పేటసభలు పలుచోట్ల సారాయంగడి వెనుకగదిలో జరుగుచుండెను. కాబట్టి పేటసభలో గూర్చుండుట కవకాశము లేని స్త్రీకి జాతీయ మహాసభకు జేరు మెట్లు మొదటిచోటనే తెగిపోయెను. ఈ సంగతిని గుర్తుంచుకొనక తక్కిన కథ బోధపడదు.

ఓటు రాకముందు స్త్రీలు మహాసభలకు బంపగలిగినది విజ్ఞాపనములు మాత్రమే. 1868 జూలైలో న్యూయార్కున డెమొక్రాటిక్ మహాసభ జరిగినపుడు సూసన్ బి. ఆంథొనీ స్త్రీల ఓటుహక్కునుగూర్చి యొక లేఖ బంపెను. లేఖ సభలో జదువబడెను, సభ్యులు నవ్విరి. నాలుగేండ్లకు, 1872లో, ఫిలడెల్ఫియాలో గూడిన రిపబ్లికన్ మహాసభ తన ప్రణాళికలో దేశభక్తులైన స్త్రీలకు గృతజ్ఞత దెలిపి, వారు కోరు హక్కులు గౌరవముతో విచారింపబడునని వ్రాసెను. నవ్వు పోయి మర్యాద వచ్చినది. పీఠము మాత్రము రాలేదు.

పీఠము మొదట వచ్చినది పశ్చిమరాష్ట్రములనుండి. వయోమింగు ప్రాంతమున 1869లోను, యూటా ప్రాంతమున 1870లోను స్త్రీలకు ఓటు లభించెను. యూటా స్త్రీల ఓటును 1887లో జాతీయ శాసనసభ తీసివేసెను గాని, 1896లో యూటా రాష్ట్రత్వము బొందినపు డది మఱల వచ్చెను. వయోమింగు 1890లో రాష్ట్రమయ్యెను. అది జరిగిన రెండేండ్లకు, 1892లో మినియాపొలిస్ నగరమున గూడిన రిపబ్లికన్ మహాసభకు వయోమింగునుండి థెరీసా జెంకిన్సు, కోరా కార్ల్‌టన్ అను నిద్దఱు స్త్రీలు మాఱుప్రతినిధులుగ వచ్చిరి. మాఱుప్రతినిధి యనగా అసలు ప్రతినిధి రానియెడల వాని స్థానమున గూర్చుండువాడు. ఆ సభలోనే జె. ఎలెన్ ఫాస్టరు అను స్త్రీ యుపన్యసించెను. ఆమె 1888లోనే రిపబ్లికన్ స్త్రీలకు జాతీయసంఘము నొకదానిని నెలకొల్పి, పక్షమునకై యూరూర దిరిగి ప్రచారము చేయుచుండినది.

కొలరాడో రాష్ట్రమున 1893లో ఓటు వచ్చినది. మఱుసటి సంవత్సరమే యచ్చటి శాసనసభకు ముగ్గురు స్త్రీలు రిపబ్లికన్ పక్షమున నెన్నికైరి. యూటాలో 1896లో జరిగిన యెన్నిక మఱింత విచిత్రమైనది. రాష్ట్రమునందలి పెద్దసభకు సాల్ట్‌లేక్ ప్రదేశమునుండి పలువు రొక్కమాఱుగ నెన్నుకొనబడవలసి యుండెను. డెమొక్రాటిక్ పక్షపు జాబితాలో వైద్యురాలైన మార్తా హ్యూస్ కానన్ పేరును, రిపబ్లికన్ పక్షపు జాబితాలో నామె భర్త యేంగస్ కానన్ పేరును నుండెను. భార్య గెలిచెను; భర్త యోడెను. అమెరికా రాష్ట్రములలో పెద్దసభకు సభ్యురాలైన మొదటి స్త్రీ యామెయే. ఇక్కడ గమనింపవలసినది హాస్యము గాదు. భర్త యే పక్షమో భార్యయు నా పక్షమే యనియు, స్త్రీకి ఓటిచ్చుట పురుషునికి రెండోట్లిచ్చుటయే యనియు నానాడు వాదించుచుండినవారికి యూటా ప్రజలు ప్రత్యక్షప్రమాణముతో నుత్తరము చెప్పిరి. ఆ రాష్ట్రమునుండియే 1900లో కాన్సాస్ సిటీ డెమొక్రాటిక్ మహాసభకు ఎలిజబెత్ కోహెన్ ప్రతినిధిగ వెళ్లి, విలియం జెన్నింగ్స్ బ్రయన్ అభ్యర్థిత్వమును బలపఱచుచు బ్రసంగించినది.

ఈ యుదాహరణములన్నియు నొక సూత్రమును దెలుపుచున్నవి. ఎచ్చట స్త్రీలకు ఓటు గలదో యచ్చటి రాష్ట్రపక్షమే స్త్రీని మహాసభకు బంపినది. ఓటు లేని తూర్పురాష్ట్రముల నాయకుల కట్టి యవసరము తోచలేదు. కనుక ఓటు పీఠమునకు గారణమే. కాని అది చాలిన కారణమా యని విచారింపవలెను.

1920 వేసవిలో, సవరణ యింకను బూర్తిగ సిద్ధింపక మునుపే, రెండు పక్షములును రాబోవు క్రొత్త యోటర్లను దలచుకొని ముందు జాగ్రత్త పడినవి. సాన్‌ఫ్రాన్సిస్కోలో డెమొక్రాటిక్ మహాసభ తన జాతీయ కార్యసంఘమును రెట్టింపు చేసి, ప్రతిరాష్ట్రమునుండి నొక పురుషుడును నొక స్త్రీయు నుండవలెనని విధించెను. రిపబ్లికన్ పక్షము 1924లో నిట్లే చేసెను. కొన్ని రాష్ట్రములలో రాష్ట్రపక్ష సంఘములందును సగపాలు నియమమునకు శాసనబలము గూడ గలిగినది. సాన్‌ఫ్రాన్సిస్కో సభలో కెంటకీ ప్రతినిధియు, ఓటుహక్కుకై వృద్ధాప్యమువఱకు బోరాడినదియు నగు లారా క్లే రాష్ట్రపతి యభ్యర్థిత్వమునకు నొక ఓటును బొందెను. పెద్దపక్షపు మహాసభలో స్త్రీకి అట్టి ఓటు పడుట యిదియే మొదలు.

లెక్కనుబట్టి చూచిన యెడల కార్యసంఘములలో స్త్రీలు సగమైరి. కాని ఆ స్త్రీల నెన్నుకొనినవా రెవరు? పలుతావుల బురుషనాయకులే. తమకు విధేయురాలని తోచినదానిని, మాఱుమాట పలుకదని నమ్మినదానిని వారు నియమించిరి. నియమము సంఖ్యను స్త్రీలకిచ్చి, యెంపికను నాయకులయొద్దనే యుంచినది. సంఖ్యకును ఎంపికకును గల యీ భేదమే తరువాతి యేబదియేండ్ల కలహమునకు మూలము.

ఆ కలహము మొదట స్పష్టముగ బయలుపడినది 1924లో న్యూయార్కు రాష్ట్రమున. అచ్చటి డెమొక్రాటిక్ పక్షమునకు టామనీ సంఘాధిపతి చార్లెస్ మర్ఫీ పెద్ద నాయకుడు. ఏప్రిల్ మాసమున రాష్ట్రపక్షసభ ఆల్బనీలో గూడినపుడు, జాతీయ మహాసభకు బోవలసిన స్త్రీప్రతినిధులను దానే నిర్ణయింతునని మర్ఫీ పట్టుపట్టెను. రాష్ట్రపక్షమందలి స్త్రీవిభాగమునకు ముఖ్యులలో నొకతెయైన ఎలినార్ రూజ్‌వెల్ట్ దీని కొప్పుకొనలేదు. స్త్రీప్రతినిధులను స్త్రీలే యెన్నుకొనవలెననియు, పక్షమునకై గ్రామగ్రామమును దిరిగి పనిచేసిన వారెవరో పురుషనాయకునికంటె తమకు బాగుగ దెలియుననియు నామె పక్షమువారు వాదించి, గవర్నరు ఆల్ స్మిత్ వద్దకు రాయబారము నడపిరి. స్మిత్ వారి కోరికను మన్నించెను. స్త్రీలు తమ ప్రతినిధులను దామే యెన్నుకొనిరి. చిన్న గెలుపే గాని, సంఖ్యతోబాటు ఎంపికయు జిక్కిన గెలుపది.

అయినను రెండు నెలలు దాటునప్పటికి మఱియొక తలుపెదురైనది. అదే సంవత్సరము న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్ మందిరమున డెమొక్రాటిక్ మహాసభ గూడెను. అభ్యర్థి తేలుటకు 103 పర్యాయములు ఓటు వేయవలసివచ్చిన సభగా నది చరిత్రకెక్కినది. స్త్రీలకును శిశువులకును సంబంధించిన విషయములలో బక్షప్రణాళికలో నేమి చేర్చవలెనో సూచించుటకు నొక స్త్రీల యుపసంఘము నేర్పఱచి, దానికి ఎలినార్ రూజ్‌వెల్ట్‌ను అధ్యక్షురాలిగ నియమించియుండిరి. ఉపసంఘము శ్రద్ధతో సూచనలను సిద్ధపఱచినది. తీర్మానసంఘము లోపల గూర్చుండి తలుపు మూసికొన్నది. సూచనలను విన్నవించుటకు వచ్చిన స్త్రీలు రాత్రియంతయు దలుపువెలుపల గూర్చుండిరి. తెల్లవాఱినను వారిని లోనికి బిలువలేదు. ఆ సభలోనే దక్షిణ కారొలైనా స్త్రీ లీనా స్ప్రింగ్సు ఉపరాష్ట్రపతి యభ్యర్థిత్వమునకు గొన్ని యోట్లను బొందినది. వేదికపై స్త్రీకి గౌరవము, సంఘపు గదిలో స్త్రీకి నిరాకరణము: ఒక్క సభలోనే యీ రెండును జరిగినవి.

ఈ యనుభవమునుండి ఎలినార్ రూజ్‌వెల్ట్ గ్రహించిన పాఠమును 1928లో రెడ్‌బుక్ పత్రికలో బ్రకటించినది. స్త్రీలకు బేరునకు బదవులిచ్చి, అసలు నిర్ణయము జరుగు కూటములకు బిలుచుట లేదనియు, పురుషులవలెనే స్త్రీలును దమలో నాయకురాండ్రను గల్పించుకొని, తమ యోటర్లను సంఘటితపఱచి, బేరమాడు శక్తిని సంపాదించుకొనవలెననియు నామె వ్రాసినది. ఇది యానాడు కొందఱికి రుచింపలేదు. స్త్రీలు రాజకీయములను బవిత్రము చేయుటకు వచ్చిరేగాని పక్షనాయకుల వ్యాపారమును నేర్చుకొనుటకు గాదని వాదించు సంస్కర్తలు పలువురుండిరి. వారి యభిప్రాయము తృణీకరింపదగినది గాదు. అయినను తలుపువెలుపల రాత్రి గడిపినవారి యనుభవముముందు ఆ వాదము నిలువలేదు.

1930ల దశకమున నీ పాఠమును గార్యరూపమున బెట్టినది మేరీ డ్యూసన్. ఆమెను మిత్రులు మాలీ యనెడివారు. డెమొక్రాటిక్ జాతీయ కార్యసంఘమున స్త్రీవిభాగమును నడపుచు, ఊరూర స్త్రీలకు బ్రభుత్వశాఖల కార్యక్రమములను జదివి తెలిసికొని యిరుగుపొరుగువారికి వివరించు పని యప్పగించినది. రంగురంగుల కాగితములపై నచ్చొత్తిన యామె కరపత్రములు దేశమంతట వ్యాపించెను. ఆ పనికి బ్రతిఫలముగ నామె యడిగినది పక్షనియమములలో మార్పు. 1936లో ఫిలడెల్ఫియా మహాసభనాటికి, ప్రణాళికాసంఘమునకు రాష్ట్రము బంపు సభ్యునికి దోడుగ మఱియొక లింగమువా రొకరు మాఱుసభ్యులుగ నుండవలెనను నియమము గలిగినది. పండ్రెండేండ్ల క్రిందట మూసిన తలుపు సగము తెఱచుకొన్నది. 1940లో చికాగో మహాసభ యుపరాష్ట్రపతి యభ్యర్థివిషయమున గలతపడి మొఱ్ఱపెట్టుచుండగా, సభను శాంతింపజేయుటకు బక్షనాయకులు పిలిపించినది ఎలినార్ రూజ్‌వెల్ట్‌నే. 1924లో తలుపువెలుపల గూర్చుండిన స్త్రీ మాటకు పదునాఱేండ్ల తరువాత మహాసభ చెవియొగ్గినది.

ఇంతవఱకు జెప్పిన కథలో నొక పెద్ద లోపము గలదు. ఇది తెల్లజాతి స్త్రీల కథ. 1920 సవరణ దక్షిణరాష్ట్రములందలి నల్లజాతి స్త్రీలకు గాగితముపై మాత్రమే ఓటిచ్చినది. తలపన్ను, అక్షరపరీక్ష, ఉద్యోగచ్యుతి, దౌర్జన్యము అను నడ్డంకులచే వారికిని వారి పురుషులకును ఓటరుపట్టికలో బేరెక్కుటయే దుర్లభమయ్యెను. పట్టికలో బేరు లేనివారికి బక్షసభలో బ్రవేశ మెక్కడిది?

ఫానీ లూ హేమర్ అను స్త్రీ 1917లో మిసిసిపీ రాష్ట్రమున గౌలు వ్యవసాయదారుల యింట నిరువదవ బిడ్డగ జన్మించినది. బాల్యమునుండి ప్రత్తిచేలలో గష్టించినది. 1962 ఆగస్టులో నోటరుగ నమోదు చేసికొనుటకు గొందఱితో గలసి ఇండియనోలా పట్టణమునకు బోగా, తాను పదునెనిమిదేండ్లు పనిచేసిన క్షేత్రమునుండి వెడలగొట్టబడినది. 1963 జూన్‌లో వినోనా పట్టణపు జెయిలులో జావగొట్టబడినది; ఆ దెబ్బల బాధ యామెను జీవితాంతము విడువలేదు. మిసిసిపీ డెమొక్రాటిక్ పక్షము నల్లవారిని దన సభలకు రానీయనందున, 1964లో వారు మిసిసిపీ స్వతంత్ర డెమొక్రాటిక్ పక్షమును స్థాపించి, పక్షనియమముల ననుసరించియే సభలు జరిపి, 68 మంది ప్రతినిధుల నెన్నుకొని, ఆగస్టులో అట్లాంటిక్ సిటీ మహాసభకు బంపిరి. వారిలో హేమర్, విక్టోరియా గ్రే, ఆనీ డివైన్ ముఖ్యురాండ్రు.

ఆగస్టు 22వ తేదీన నర్హతాపరిశీలక సంఘముముందు హేమర్ వాఙ్మూలమిచ్చెను. అది దేశమంతట టెలివిజనులో బ్రసార మగుచుండగా, రాష్ట్రపతి జాన్సన్ హఠాత్తుగ బత్రికాగోష్ఠిని బిలిచి ప్రసారమును దనవైపునకు మరల్చెను. ఆ రాత్రి టెలివిజను సంస్థ లామె మాటలను మఱల బ్రసారము చేయగా, జనులు మఱింత యెక్కువగ వినిరి. తానును దనవారును నోటరుగ జేరగోరిన తప్పునకు బొందిన దెబ్బలను నామె యుపమానములు లేకుండ, తేదీలతోను, ఊళ్లపేళ్లతోను జెప్పి, ఇదియేనా మన దేశమని తుదిని బ్రశ్నించెను. ద్యూతసభలో ద్రౌపది వేడుకొనలేదు, ధర్మప్రశ్నము వేసినది. దానికి సూటిగ నుత్తరము చెప్పజాలక పెద్దలు ధర్మము సూక్ష్మమనిరి. హేమర్ ప్రశ్నయు నట్టిదే. న్యాయమైన ప్రతినిధు లెవరన్న దామె యడిగిన మాట. సభ యిచ్చిన యుత్తరము సూక్ష్మమైనది: రాష్ట్రప్రతినిధులుగ గాక, దేశమునకంతటికి సామాన్యముగ రెండు పీఠములు, ఆ యిద్దఱు నెవరో గూడ నాయకులే నిర్ణయించిరి, ఆ యిద్దఱును బురుషులే. ఇందఱము వచ్చినది రెండు పీఠములకై కాదని హేమర్ పక్షము నిరాకరించెను. మఱల సంఖ్య, ఎంపిక యను పాతభేదమే. అయినను 1968 మహాసభనుండి జాతిభేదము పాటించు రాష్ట్రప్రతినిధివర్గములకు బ్రవేశము లేదని సభ వాగ్దానము చేసినది. 1968లో చికాగోలో క్రొత్త మిసిసిపీ ప్రతినిధివర్గమునకు స్థానము లభించినపు డందొక ప్రతినిధిగ వచ్చిన హేమర్‌ను జూచి సభ లేచి నిలిచినది.

1964లోనే సాన్‌ఫ్రాన్సిస్కో రిపబ్లికన్ మహాసభలో మెయిన్ రాష్ట్రపు సెనేటరు మార్గరెట్ చేస్ స్మిత్ పేరు రాష్ట్రపతి యభ్యర్థిత్వమునకు యథావిధిగ బ్రతిపాదింపబడెను. పెద్దపక్షములో నిట్లు ప్రతిపాదింపబడిన మొదటి స్త్రీ యామె. ఆమెకు 27 ఓట్లు వచ్చినవి.

చికాగో మహాసభ వీథిపోరాటములతో ముగిసినపిదప డెమొక్రాటిక్ పక్షము ప్రతినిధుల యెన్నికవిధానమును సంస్కరించుట కొక సంఘమును నియమించినది. మెక్‌గవర్న్, ఫ్రేజర్ అనువారి పేర బ్రసిద్ధమైన యా సంఘము, స్త్రీలును యువకులును అల్పసంఖ్యాకజాతులును రాష్ట్రజనసంఖ్యకు దగినట్లు ప్రతినిధివర్గమున నుండవలెనని రాష్ట్రపక్షములను నిర్దేశించెను. 1971 జూలైలో నేర్పడిన జాతీయ స్త్రీరాజకీయ సమాఖ్య యీ నిర్దేశము కాగితముపైనే నిలిచిపోకుండ గాచినది. ఫలితము లెక్కలలో గనబడును: డెమొక్రాటిక్ ప్రతినిధులలో స్త్రీలు 1968లో నూటికి 13, 1972లో నూటికి 40. రిపబ్లికన్ పక్షమున నూటికి సుమారు 17నుండి 30వఱకు బెరిగిరి. ఏబది యేండ్లలో జరుగనిది నాలుగేండ్లలో జరిగినది. జనుల హృదయము మాఱుట మాత్రమే యిందుకు గారణము గాదు. రాష్ట్రపక్షములు తప్పించుకొనలేని నియమము వచ్చుటయే ముఖ్యకారణము.

1972 మయామీ బీచ్ మహాసభలో షర్లీ చిజమ్ రాష్ట్రపతి యభ్యర్థిత్వమునకు నిలిచి 152 ఓట్లను బొందెను. జాతీయ శాసనసభకు నెన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ యామెయే. టెక్సాసు స్త్రీ సిస్సీ ఫారెంథోల్డ్ ఉపరాష్ట్రపతి యభ్యర్థిత్వమున నాలుగువందలకు మించిన యోట్లతో రెండవస్థానమున నిలిచెను. కాని దక్షిణ కారొలైనా ప్రతినిధివర్గమున స్త్రీలు తక్కువగ నుండిరని స్త్రీసమాఖ్య తెచ్చిన యభ్యంతర మోడిపోయెను. సమర్థింతుమని మాటయిచ్చిన మెక్‌గవర్న్ పక్షమువారే సభావ్యూహముకొఱకు గొన్ని యోట్లను వెనుకకు దీసికొనిరి. నూటికి నలుబదిమంది సభలో నున్నను, ఏ ఓటు నెప్పుడు వదలవలెనో నిర్ణయించు గది యింకను వేఱుగనే యుండెను.

1978లో జేసిన నియమముచే 1980 మహాసభనుండి డెమొక్రాటిక్ ప్రతినిధులలో స్త్రీపురుషులు సరిసమానముగ నుండవలసినవారైరి. రిపబ్లికన్ పక్ష మట్టి నిర్బంధమును జేసికొనలేదు. ఇట్లు 1868లో నవ్వుతో మొదలైన కథ నూటపండ్రెండేండ్లకు సమత్వముతో ముగిసెనని చెప్పవచ్చును. అయితే చరిత్రకారుడు మఱియొక మాటయు జెప్పక తప్పదు. స్త్రీలు మహాసభలో సగమైననాటికి మహాసభ మునుపటి మహాసభ గాదు. అభ్యర్థిని దేల్చుటకు ఒకటికంటె నెక్కువ పర్యాయములు ఓటు వేయవలసివచ్చిన చివరి మహాసభ 1952లోనిది. 1972 తరువాత రాష్ట్రములలో జరుగు ప్రాథమిక యెన్నికలే యభ్యర్థిని నిశ్చయించుచు వచ్చినవి. మహాసభ ముందే తేలినదానిని బ్రకటించు నుత్సవముగ మాఱినది. పీఠము దొరకునప్పటికి ఆ పీఠముననుండిన యధికారము చాలవఱకు వేఱొకచోటికి దరలిపోయినది.

ఇంతమాత్రమున నా శ్రమ నిష్ఫలమనుట యుక్తము గాదు. 1984లో జెరాల్డిన్ ఫెరారో యుపరాష్ట్రపతి యభ్యర్థినిగను, 2016లో హిల్లరీ క్లింటన్ రాష్ట్రపతి యభ్యర్థినిగను డెమొక్రాటిక్ పక్షమున నిలిచిరి. రిపబ్లికన్ పక్షమున 2008లో సారా పేలిన్ ఉపరాష్ట్రపతి యభ్యర్థిని యయ్యెను. 2024 జూలైలో జో బైడెన్ తప్పుకొనగా, ప్రాథమిక యెన్నికలు ముగిసిపోయినందున, అభ్యర్థి నిర్ణయము మఱల బ్రతినిధుల చేతికి వచ్చినది. చెన్నపట్టణమునుండి వచ్చిన తల్లికి బుట్టిన కమలా హారిస్‌ను నిలిపిన యా ప్రతినిధులలో స్త్రీపురుషులు సమానము. ఆమె నవంబరులో నోడిపోయినను, ఆమెను నిలిపిన సభ 1924నాటి సభ గాదు.

ఈ చరిత్రము మనకును బరిశీలనార్హము. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున బ్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగ నిలిచిన బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి విడువలేదని ప్రసిద్ధము. అమెరికా స్త్రీలు తలుపువెలుపల రాత్రి గడపుటకు గొలదినెలల ముందటి సంగతి యిది. కాంగ్రెసు మహాసభకు 1917లో అనీబిసెంటును, 1925లో హైదరాబాదున బెరిగిన సరోజినీ నాయుడును అధ్యక్షత వహించిరి. అగ్రపీఠము నిచ్చుటలో మనము వెనుకబడలేదు. కాని అగ్రపీఠమున నొక స్త్రీని గూర్చుండబెట్టుట వేఱు. జిల్లాసంఘమున, రాష్ట్రసంఘమున, అభ్యర్థుల జాబితా వ్రాయు గదిలో స్త్రీలు కూర్చుండుట వేఱు. 2023లో మన రాజ్యాంగమునకు జేసిన నూటయాఱవ సవరణ లోకసభయందును రాష్ట్రశాసనసభలయందును మూడవవంతు స్థానములను స్త్రీలకు గేటాయించినది. జనగణనము, నియోజకవర్గముల పునర్విభజనము ముగిసినపిదప నది యమలునకు రావలెనని యందే విధింపబడినది. ఆ స్థానములలో నిలువదగిన స్త్రీల పేళ్లను వ్రాయునది మాత్రము పక్షములే. సంఖ్యను శాసన మీయగలదు. ఎంపికను సంఘటితులైన స్త్రీలే సాధించుకొనవలెను. 1924లో ఆల్బనీ సభలో దేలిన సంగతి యిదియే.